టేకోవర్ బిడ్లు, వాటాదారుల స్పందన: సింగరేణి, సారపాక మొదలుకొని

ఒక కంపెనీ పగ్గాలు చేజిక్కించుకోవడానికి బయటివారు దాని వాటాలకు ధర కట్టి అడగడాన్ని టేకోవర్ బిడ్ అంటారు. ఆ అడిగేది ప్రైవేట్ ఈక్విటీ సంస్థ కావచ్చు. పింఛను నిధులు, బీమా కంపెనీలు, సంపన్న కుటుంబాల డబ్బు పోగుచేసి కంపెనీలు కొనడం, కొన్నేళ్లు నడపడం, మంచి ధర రాగానే అమ్మి వెళ్లిపోవడం ఈ సంస్థల వ్యాపారం. బిడ్ వచ్చినప్పుడు వాటాదారు ముందు ఉండే దారులు తక్కువే. ఇచ్చిన ధరకు వాటా అప్పగించవచ్చు. బజారులో అంతకన్నా ఎక్కువ పలికితే అక్కడే అమ్ముకోవచ్చు. కొత్త యజమాని మీద నమ్మకం ఉంచి అట్టిపెట్టుకోవచ్చు. ఓటు అడిగితే కాదనవచ్చు. ఐదో దారి ఏమీ చేయకపోవడం. చిన్న వాటాదారుల్లో చాలామందిది ఈ ఐదో దారే, దాని గురించి రాసేవాళ్లు మాత్రం తక్కువ.

తెలుగు నేల మీద ఈ కథ హైదరాబాద్ ఐటీ కంపెనీలతో మొదలవలేదు. ఖమ్మం నుంచి ఇల్లెందు మీదుగా కొత్తగూడెం, అక్కడి నుంచి గోదావరి ఒడ్డున సారపాక దాకా అడవి అంచున సాగే దారిలో రెండు కంపెనీలున్నాయి. ఒకటి సింగరేణి, రెండోది సారపాక కాగితం మిల్లు. రెండింటి వాటాలూ చేతులు మారాయి. రెండుసార్లూ వాటా విలువ తేల్చింది ఈ అడవికి చాలా దూరాన ఉన్నవాళ్లే.

జెండా పాట

ఇచ్చిన ధరకు వాటాలు అమ్మమని మిగతా వాటాదారులందరినీ అడిగే ఓపెన్ ఆఫర్ అంటే ఏమిటో ఖమ్మం మిర్చి రైతుకు చెప్పడం తేలిక. మార్కెట్ యార్డులో పొద్దున్నే నాణ్యమైన ఒక రాశి దగ్గర జెండా పెట్టి పాట మొదలుపెడతారు. ఖరీదుదారులు పోటీపడి పాడగా తేలిన ధరే ఆ రోజు జెండా పాట. మర్నాడు పత్రికల్లో వచ్చేది ఆ అంకే. కానీ ఆ ధర దక్కేది కొద్ది బస్తాలకే. తేమ ఉందనీ, తాలు ఉందనీ, రంగు తగ్గిందనీ చెప్పి మిగతా సరుకును అంతకంటే తక్కువకు తూకం వేస్తారన్నది రైతుల పాత ఫిర్యాదు. 2017 ఏప్రిల్ 28న ధర కుప్పకూలినప్పుడు రైతులు ఖమ్మం మార్కెట్ కార్యాలయం మీద విరుచుకుపడ్డారు. ఆ కేసులో అరెస్టయిన రైతులను బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లడం రాష్ట్రమంతటా దుమారం లేపింది.

షేర్ల బజారులోనూ చాలాకాలం ఇదే తంతు. కంపెనీ అమ్ముడైనప్పుడు ప్రమోటర్ కుటుంబానికి జెండా ధర, మిగతా వాటాదారులకు మిగిలిన ధర. టేకోవర్ చట్టాల చరిత్రనంతా ఈ తేడా చెరిపే ప్రయత్నంగా చదవవచ్చు. ఎవరికైతే ఆ తేడా లాభమో వాళ్లే ప్రతిసారీ దానికి కొత్త పేరు వెతికారు.

మాట విషయం కూడా ఒకటుంది. తెలుగులో దళారి అన్న మాటకు మర్యాద తక్కువ. అదే పని చేసేవాణ్ని యార్డులో కమీషన్‌దారు అంటాం, షేర్ల దగ్గరికొచ్చేసరికి బ్రోకరు అంటాం. ముగ్గురి పనీ ఒకటే: అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి నమ్మకాన్ని అద్దెకివ్వడం. మరి బ్రోకరే అమ్మకానికి వస్తే కొనేవాడు ఏం కొంటున్నట్టు? ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది.

సింగరేణి: లండన్‌లో బేరం

1871లో భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు పొరలు కనిపెట్టాడు. కారేపల్లి పక్కనున్న సింగరేణి గ్రామం పేరే ఆ బొగ్గుకు పేరైంది. 1886 జనవరిలో నిజాం ప్రభుత్వం రాజ్యంలోని ఖనిజాల మీద 99 ఏళ్ల హక్కును వాట్సన్, స్టువర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషువారికి కట్టబెట్టింది. వాళ్లు లండన్‌లో పది లక్షల పౌండ్ల మూలధనంతో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. ఆ మూలధనంలో ఎక్కువ భాగం కాగితం మీదిదే. హక్కు తెచ్చినందుకు ప్రతిఫలంగా డబ్బు కట్టకుండానే సిద్ధమైన వాటాలు హక్కుదారుల చేతికి పోయాయి. బొగ్గు ఇంకా భూమిలోనే ఉంది, వాటా మాత్రం బజారుకెక్కింది.

ఈ వ్యవహారం నడిపిన నిజాం అధికారి అబ్దుల్ హక్, బిరుదు సర్దార్ దిలేర్ జంగ్. కంపెనీలో నిజాం ప్రభుత్వానికి కూడా కొన్ని వాటాలుంటే బాగుంటుందని అనుకున్నప్పుడు, లండన్‌లో వాటిని కొనే బాధ్యత ఆయనకే అప్పగించారు. బజారులో కొన్నట్టుగా చూపి ముఖవిలువ కంటే ఎక్కువ ధరకు ప్రభుత్వానికి అంటగట్టిన వాటాలు నిజానికి ఆయన సొంతవేనని తర్వాత బయటపడింది. అమ్మిందీ తనే, కొన్నదీ తనే, మధ్య దళారీ తనే.

సంగతి పత్రికలకెక్కి 1888లో బ్రిటిష్ కామన్స్ సభ ప్రత్యేక విచారణ సంఘాన్ని వేసింది. హైదరాబాద్ తరఫున సాక్ష్యం చెప్పడానికి మెహదీ హసన్ లండన్ వెళ్లాడు. అబ్దుల్ హక్‌ను కొలువు నుంచి తీసేశారు. మోసపోయిన వాటాదారు ఇక్కడ ఒక రాజ్యమే కాబట్టి పార్లమెంటు దాకా వెళ్లింది. అదే ధరకు కొన్న మామూలు మనిషైతే కథ ఇక్కడి దాకా వచ్చేది కాదు.

ఇల్లెందులో 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ హైదరాబాద్ కంపెనీల చట్టం కింద నమోదై పాత కంపెనీ ఆస్తులనూ అప్పులనూ తీసుకుంది. కార్యదర్శులుగా, బొగ్గు అమ్మే ఏజెంట్లుగా మద్రాసుకు చెందిన బెస్ట్ అండ్ కంపెనీ పనిచేసింది. 1945లో హైదరాబాద్ రాజ్యం అత్యధిక వాటాలు కొనేసింది. దేశానికి స్వాతంత్ర్యం రాకముందే ఒక బొగ్గు కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చిందంటే అది వాటాల కొనుగోలు ద్వారానే, జాతీయీకరణ చట్టం ద్వారా కాదు. 1949లో నిర్వహణ ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్‌కు, 1956లో అదుపు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, 2014లో తెలంగాణకు వచ్చాయి. నేడు రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం. సరిగ్గా చెప్పాలంటే రెండూ కలిపినా నూరుకు కాస్త తక్కువ. ఆ కాస్త ఎవరిదో చివర్లో చూద్దాం.

సారపాక: పదహారుకు ఒకటి

భద్రాచలం వంతెనకు ఈవల ఒడ్డున, బూర్గంపహాడ్ మండలంలో ఉంది సారపాక. 1975లో ఐటీసీ ప్రోత్సాహంతో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ లిమిటెడ్ ఏర్పడింది. 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఊళ్లో ఇప్పటికీ మిల్లును బీపీఎల్ అనేవాళ్లున్నారు. అడవి వెదురు మీద ఆధారపడడం తగ్గించుకోవడానికి కంపెనీ 1980ల చివర నుంచి జామాయిల్ క్లోన్లు పెంచి రైతులకిచ్చింది. భద్రాచలం క్లోన్లన్న పేరుతో అవి దేశమంతా పాకాయి. పొలంలో జామాయిల్ వేసిన రైతుకు మిల్లే కొనుగోలుదారు. షేర్ల బజారులో మిల్లు వాటా కొన్న వాళ్లకు అది సొంత కంపెనీ, కొంత మేరకైనా.

2002లో ఐటీసీ భద్రాచలం పేపర్‌బోర్డ్స్ మాతృసంస్థ ఐటీసీలో విలీనమైంది. 16 భద్రాచలం వాటాలకు 1 ఐటీసీ వాటా. ఇది బిడ్ కాదు, కోర్టు ఆమోదంతో జరిగే స్కీమ్. తేడా గుర్తుంచుకోవాలి. ఓపెన్ ఆఫర్‌లో ప్రతి వాటాదారూ విడివిడిగా ఔననో కాదనో అంటాడు. స్కీమ్‌లో ఓటు వేసినవారిలో ఎక్కువమంది, వాళ్ల వాటాల విలువలో నాలుగింట మూడు వంతుల మద్దతు దొరికితే చాలు, వద్దన్నవాడి వాటా కూడా మారిపోతుంది. పదహారుకు ఒకటి అన్న లెక్కలో పది వాటాలున్నవాడికి నిండుగా ఒక్క వాటా కూడా రాదు. ఇలాంటి ముక్కలను కలిపి అమ్మి డబ్బు పంచడం రివాజు. అంటే చిన్నవాళ్లలో మరీ చిన్నవాళ్లను కంపెనీ సాగనంపినట్టే.

అయితే ఏ నిష్పత్తి న్యాయమో ఏ అన్యాయమో ఆ రోజే తేలదు. 160 భద్రాచలం వాటాలున్న మనిషికి 2002లో 10 ఐటీసీ వాటాలు వచ్చాయి. 2005లో ఐటీసీ తన పది రూపాయల వాటాను రూపాయి వాటాలుగా విడగొట్టి, రెండింటికి ఒకటి బోనస్ ఇచ్చింది. 10 కాస్తా 150 అయ్యాయి. 2010లో ఒకటికొకటి బోనస్‌తో 300. 2016లో రెండింటికి ఒకటితో 450. 2025లో హోటళ్లు విడిపోయినప్పుడు పదింటికి ఒకటి చొప్పున 45 ఐటీసీ హోటల్స్ వాటాలు కూడా వచ్చాయి. కాగితాలు పెట్టెలో పెట్టి మరిచిపోయిన మనిషి లాభపడ్డాడు. విలీనం నచ్చక ముందే అమ్ముకున్నవాడు మాట మీద నిలబడ్డాడు గాని డబ్బు పోగొట్టుకున్నాడు. ఏమీ చేయని ఐదో దారిని తక్కువగా చూడకూడదన్నది ఇందుకే. కానీ అందరికీ ఈ అదృష్టం పట్టలేదు.

చట్టం ఏం చెబుతుంది

షేర్ల బజారు నియంత్రణ సంస్థ సెబీ తొలి టేకోవర్ నిబంధనలు 1994లో వచ్చాయి. జస్టిస్ పి.ఎన్. భగవతి సంఘం సిఫారసులతో 1997లో కొత్తవి, సి. అచ్యుతన్ సంఘం నివేదిక తర్వాత 2011 అక్టోబరు 22 నుంచి ఇప్పటివి అమల్లోకి వచ్చాయి. 1997 నిబంధనల్లో ఒక కిటికీ తెరిచి ఉంచారు. అమ్మే ప్రమోటరు మళ్లీ అదే వ్యాపారం పెట్టనని మాటిచ్చినందుకు అతడికి 25 శాతం దాకా అదనంగా చెల్లించవచ్చు, దాన్ని వాటా ధరలో కలపనక్కర్లేదు. మందుల్లోనో రసాయనాల్లోనో అనుభవమున్న ప్రమోటరు ఇచ్చే ఆ మాటకు విలువ ఉండవచ్చు. కానీ కాటికి కాళ్లు చాపిన పెద్దాయన పోటీకి రానని మాటిచ్చి డబ్బు తీసుకోవడం జెండా పాటకు పెట్టిన కొత్త పేరే. 2011లో ఆ కిటికీ మూసేశారు. ప్రమోటరుకు ఏ రూపంలో ఎంత ముట్టినా అది ధరలో కలుస్తుంది, అదే ధర అందరికీ ఇవ్వాలి.

ఇప్పటి నిబంధన స్థూలంగా ఇది. లిస్టెడ్ కంపెనీలో ఓటు హక్కు 25 శాతానికి చేరినా, అదుపు చేతికి వచ్చినా, మరో 26 శాతం వాటాలకు ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి. 100 శాతానికీ ఇవ్వాలని అచ్యుతన్ సంఘం అడిగింది, సెబీ 26 దగ్గర ఆగింది. ప్రమోటరుతో కుదిరిన ధర, గత 52 వారాల్లో కొనుగోలుదారు సగటున పెట్టిన ధర, గత 26 వారాల్లో పెట్టిన అత్యధిక ధర, బజారులో 60 ట్రేడింగ్ రోజుల సగటు... వీటిలో ఏది ఎక్కువైతే అంతకు తగ్గకూడదు. స్వతంత్ర డైరెక్టర్ల సంఘం ఈ ధర సబబో కాదో వాటాదారులకు రాతపూర్వకంగా చెప్పాలి. తర్వాత పది పనిదినాలు గడువు. అడిగినదానికంటే ఎక్కువ వాటాలు వస్తే అందరి నుంచీ దామాషాలో తీసుకుంటారు. 2015 నుంచి ఇదంతా ఎక్స్ఛేంజీ ద్వారానే జరుగుతోంది. అంతకుముందు ఫారం నింపి, సంతకం సరిపోలేలా పెట్టి, రిజిస్ట్రారుకు పోస్టులో పంపాల్సి వచ్చేది. కొత్తగూడెంలోనో మణుగూరులోనో ఉన్న వాటాదారుకు ఆ ఉత్తరం గడువు దాటాక అందిన సందర్భాలు ఆ కాలపు వాళ్లకు కొత్తేమీ కాదు.

25 అన్న అంకె ఎంత బలమైనదో ఒక ఉదాహరణ చాలు. 2022లో బెయిన్ క్యాపిటల్ అనే అమెరికా ప్రైవేట్ ఈక్విటీ సంస్థ ఐఐఎఫ్ఎల్ వెల్త్‌లో వాటా కొంది. తర్వాత 360 వన్‌గా పేరు మార్చుకున్న కంపెనీ అది. కొన్న వాటా 24.98 శాతం. గీతకు రెండు వందో వంతుల దూరంలో ఆగింది. చిన్న వాటాదారుకు ఓపెన్ ఆఫర్ రాలేదు, కాబట్టి స్పందించే అవసరమే రాలేదు.

సత్యం: ఎదురు తిరిగిన రోజు

తెలుగు కంపెనీల చరిత్రలో వాటాదారులు యాజమాన్యాన్ని ఒక్క రాత్రిలో వెనక్కి తగ్గించిన సందర్భం 2008 డిసెంబరు 16. సత్యం కంప్యూటర్ సర్వీసెస్ బోర్డు, కంపెనీ వ్యవస్థాపకుడు రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా కంపెనీల్లో వాటాలను 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. ఇది తలకిందులైన టేకోవర్. సాధారణంగా బయటివాడు వచ్చి ధర చెబుతాడు, ఇక్కడ ఇంటివాళ్లే కంపెనీ డబ్బుతో తమ ఆస్తి కొనుక్కోబోయారు. న్యూయార్క్‌లో సత్యం డిపాజిటరీ వాటా సగానికి పైగా పడిపోయింది. పెద్ద పెట్టుబడిదారులు ఫోన్‌లోనే మండిపడ్డారు. కొన్ని గంటల్లోనే ఒప్పందం రద్దయింది. రాజు కుటుంబానికి అప్పటికి కంపెనీలో మిగిలిన వాటా పదో వంతు కూడా లేదు.

మూడు వారాలు గడిచాయి. 2009 జనవరి 7న లెక్కలు కల్పితమని రాజే ఉత్తరం రాశాడు. ఆ ఒక్క రోజే వాటా 179 రూపాయల నుంచి 40 దగ్గరకు జారింది. హైదరాబాద్‌లోనే కాదు, విజయవాడ, ఖమ్మం, గుంటూరుల్లో బ్రోకరు ఆఫీసుల ముందు నిలబడి తెర చూసిన వాళ్లకు ఆ రోజు గుర్తుంటుంది. ఎందుకంటే సత్యం మనవాడి కంపెనీ అనే లెక్కతో కొన్నవాళ్లు వేలల్లో ఉన్నారు. వాటా కొనడంలో ఇంత బలహీనమైన కారణం ఇంకోటి లేదు, ఇంత తెలుగు కారణమూ ఇంకోటి లేదు.

కేంద్రం వేసిన కొత్త బోర్డు కంపెనీని వేలానికి పెట్టింది. మామూలు ధర సూత్రం పనికిరాదని సెబీ ఇలాంటి కంపెనీల కోసం ప్రత్యేక సడలింపు తెచ్చింది. 2009 ఏప్రిల్ 13న బిడ్లు తెరిచారు. టెక్ మహీంద్రా 58 రూపాయలు, ఎల్ అండ్ టీ 45.90, అమెరికన్ ప్రైవేట్ ఈక్విటీ వ్యాపారి విల్బర్ రాస్ సంస్థ 20. ఈ మూడు అంకెల మధ్య దూరం చూడండి. కంపెనీ లోపల ఏముందో ఎవరికీ తెలియనప్పుడు, ఆ వ్యాపారంలో ఉన్నవాడు ఒక రకంగా, చితికిన కంపెనీలు ఏరి కొనేవాడు ఇంకో రకంగా వెల కడతాడు. 58 గెలిచింది. తర్వాత అదే ధరకు 20 శాతం వాటాలకు ఓపెన్ ఆఫర్ ఇస్తే వాటాదారులు దాదాపు ఎవరూ కదల్లేదు, అప్పటికి బజారు ధర 58 దాటిపోయింది. టెక్ మహీంద్రా కొత్త వాటాలు జారీ చేయించుకునే 43 శాతం దగ్గరకు చేరింది. 2013లో విలీనం జరిగినప్పుడు 17 సత్యం వాటాలకు 2 టెక్ మహీంద్రా వాటాలు వచ్చాయి.

సువెన్: ఎవరూ అమ్మని ఆఫర్

ప్రైవేట్ ఈక్విటీ ఒక తెలుగు లిస్టెడ్ కంపెనీని నేరుగా చేజిక్కించుకున్న శుభ్రమైన ఉదాహరణ సువెన్ ఫార్మాస్యూటికల్స్. జాస్తి వెంకటేశ్వర్లు కుటుంబం నుంచి 50.1 శాతం వాటాను 6,313 కోట్ల రూపాయలకు, వాటాకు 495 చొప్పున, కొంటున్నట్టు ఆడ్వెంట్ ఇంటర్నేషనల్ 2022 డిసెంబరు 26న ప్రకటించింది. కొనుగోలుకు వాడిన సంస్థ సైప్రస్‌లో నమోదైన బెర్యాండా. చట్టం ప్రకారం మిగతా వాటాదారులకూ అదే 495తో 26 శాతానికి ఆఫర్. 1997 నాటి చట్టం ఉండి ఉంటే ఈ రెండు ధరలూ ఒకటై ఉండేవన్న హామీ లేదు.

మందుల తయారీలోకి ఇంత విదేశీ పెట్టుబడికి కేంద్రం అనుమతి కావాలి. మంత్రివర్గ సంఘం 2023 సెప్టెంబరులో 9,589 కోట్ల దాకా పెట్టుబడికి, అంటే 76.1 శాతం వాటా దాకా, ఆమోదం ఇచ్చింది. 50.1కి 26 కలిపితే వచ్చే అంకె అది. కాగితం మీద అంత దూరం వెళ్లినా, ఆఫర్ ముగిశాక ఆడ్వెంట్ వాటా 50.1 దగ్గరే నిలిచింది. తొమ్మిది నెలల నిరీక్షణలో బజారు 495ను దాటేసింది, చిన్న వాటాదారు తన వాటా ఇవ్వలేదు.

దీన్ని వాటాదారుల తిరస్కారం అనకూడదు. కొత్త యజమాని వస్తున్నాడన్న నమ్మకమే ధరను పెంచింది, ఆ ధరే ఆఫర్‌ను చప్పబరిచింది. ఆడ్వెంట్‌కూ బహుశా ఇదే మేలు, పగ్గాలు చిక్కాయి, మూడు వేల కోట్ల పైచిలుకు మిగిలింది. ఆ తర్వాత తన చేతిలోనే ఉన్న కోహాన్స్ లైఫ్‌సైన్సెస్‌ను సువెన్‌లో కలిపి, కంపెనీ పేరునే కోహాన్స్‌గా మార్చింది. చిన్న వాటాదారుకు అసలు పరీక్ష ఇలాంటి విలీనంలోనే ఉంటుంది. ఒక జేబులోని కంపెనీని ఇంకో జేబులోకి మార్చేటప్పుడు నిష్పత్తి ఎలా కట్టారన్నది చూడాలి.

బ్రోకరే సరుకైనప్పుడు

బ్రోకరు కంపెనీకి గనులు లేవు, మిల్లు లేదు. ఉన్నదల్లా ఖాతాలు, వాటి వెనుక మనుషుల నమ్మకం. హైదరాబాద్‌లో 1980ల తొలి ఏళ్లలో ఐదుగురు చార్టర్డ్ అకౌంటెంట్లు మొదలుపెట్టిన కార్వీ ఈ రెండూ పోగుచేసింది. జిల్లా కేంద్రాల దాకా శాఖలుండేవి. తెలుగు మధ్యతరగతికి డీమ్యాట్ అన్న మాట నేర్పిన కంపెనీల్లో అది ముందుంది.

ఈ సంస్థల కూటమిలోని రెండు ముక్కలు రెండు దారుల్లో అమ్ముడయ్యాయి. మొదటిది రిజిస్ట్రారు వ్యాపారం. ఆస్ట్రేలియాకు చెందిన కంప్యూటర్‌షేర్‌తో సగం సగం భాగస్వామ్యంలో నడిచిన కార్వీ కంప్యూటర్‌షేర్‌ను 2018లో జనరల్ అట్లాంటిక్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థ చేజిక్కించుకుంది. అదే కేఫిన్ టెక్నాలజీస్ అయింది. ఇతర కంపెనీల వాటాదారుల చిట్టా రాయడం, డివిడెండ్లు పంచడం, ఓపెన్ ఆఫర్ల ఫారాలు లెక్కపెట్టడం రిజిస్ట్రారు పని. ఇంత మంది వాటాదారుల పేర్లు తెలిసిన ఆ కంపెనీ అమ్ముడైనప్పుడు అడగాల్సిన బయటి వాటాదారులే లేరు, అది అప్పటికి లిస్టు కాలేదు. 2022 డిసెంబరులో 366 రూపాయల ధరకు 1,500 కోట్ల ఇష్యూ వచ్చింది. మొత్తం జనరల్ అట్లాంటిక్ అమ్ముకున్న పాత వాటాలే, కంపెనీకి రూపాయి రాలేదు. ప్రైవేట్ ఈక్విటీ రాకలో సామాన్యుడికి చోటు లేదు, పోకలో మాత్రం కొనుగోలుదారుగా పిలుపు వచ్చింది.

రెండో ముక్క కార్వీ స్టాక్ బ్రోకింగ్. ఖాతాదారుల వాటాలను తాకట్టు పెట్టి డబ్బు మళ్లించిందన్న ఆరోపణ మీద 2019 నవంబరు 22న సెబీ తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. సుమారు 95 వేల మంది ఖాతాల నుంచి 2,300 కోట్లకు పైగా విలువైన వాటాలు ఇలా వాడారని అప్పటి లెక్క. డిసెంబరు మొదట్లో డిపాజిటరీ దాదాపు 83 వేల మందికి వాటాలు తిరిగి చేర్చింది. ఏడాది తర్వాత ఎన్ఎస్ఈ ఎక్స్ఛేంజీ కార్వీని బహిష్కరించింది, 2023 ఏప్రిల్‌లో సెబీ తుది ఉత్తర్వులో ఏడేళ్ల నిషేధం విధించింది. మధ్యలో 2021లో జరిగింది ఈ వ్యాసానికి ముఖ్యం. మిగిలిన ఖాతాలను బిడ్ల ద్వారా పంచారు: డీమ్యాట్ ఖాతాలు ఐఐఎఫ్ఎల్ సెక్యూరిటీస్‌కు, ట్రేడింగ్ ఖాతాలు యాక్సిస్ సెక్యూరిటీస్‌కు. డీమ్యాట్ ఖాతాలే పదకొండు లక్షల వరకు ఉన్నాయి. కంపెనీ కాదు, ఖాతాదారులే పాటకు వచ్చారు. వాళ్లను ఎవరూ ధర అడగలేదు, ఒక ఉదయం ఫోన్‌కు కొత్త బ్రోకరు పేరుతో సందేశం వచ్చింది.

బ్రోకరు కంపెనీ లిస్టయి ఉంటే ఖాతాదారుడూ వాటాదారుడూ ఒకే మనిషి అయ్యే అవకాశం ఎక్కువ. అక్కడ స్పందనలో కోపం పాలు పెరుగుతుంది. ఐసీఐసీఐ సెక్యూరిటీస్ 2018లో 520 రూపాయలకు ఇష్యూకు వచ్చింది. 2023 జూన్‌లో మాతృసంస్థ ఐసీఐసీఐ బ్యాంక్ దాన్ని డీలిస్టు చేసి, అంటే బజారు నుంచి తప్పించి, పూర్తిగా తన సొంతం చేసుకుంటానంది, 100 వాటాలకు 67 బ్యాంకు వాటాలు. మామూలుగా డీలిస్టింగ్‌లో వాటాదారులే ఎంతకు ఇస్తామో చెప్పే పద్ధతి ఉంది. తలకిందుల జెండా పాట అనుకోవచ్చు. ఇక్కడ స్కీమ్ దారి ఎంచుకోవడంతో ఆ పాట జరగలేదు. 2024 మార్చిలో ఓటింగ్ జరిగితే బయటి వాటాదారుల్లో దాదాపు 72 శాతం ఔనన్నారు, కావాల్సింది మూడింట రెండు వంతులు. కానీ సంస్థలను పక్కనపెట్టి వ్యక్తుల ఓట్లు మాత్రమే చూస్తే 68 శాతం వ్యతిరేకం. ఓటు వేయమంటూ బ్యాంకు ఉద్యోగులు వాటాదారులకు ఫోన్లు చేయడం మీద సెబీ బ్యాంకుకు హెచ్చరిక కూడా జారీ చేసింది. స్కీమ్ మాత్రం నెగ్గింది, 2025 మార్చిలో ఆ వాటా బజారు నుంచి మాయమైంది. మ్యూచువల్ ఫండ్లు, విదేశీ సంస్థలు తూచిన తూనికలో వ్యక్తి బరువు ఎంతో ఆ రెండు శాతాల మధ్య ఉంది.

సముద్రం అవతల ఇదే కాలంలో నేరుగా ప్రైవేట్ ఈక్విటీ వచ్చింది. బ్రిస్టల్‌లో 1981లో పీటర్ హార్‌గ్రీవ్స్, స్టీఫెన్ లాన్స్‌డౌన్ ఇంటి గదిలో పెట్టిన హార్‌గ్రీవ్స్ లాన్స్‌డౌన్ బ్రిటన్ సామాన్య పెట్టుబడిదారుల అతిపెద్ద వేదికగా ఎదిగింది. 2024లో సీవీసీ, నార్డిక్ క్యాపిటల్, అబుధాబి ప్రభుత్వ నిధి కలిసి మొదట 9.85 పౌండ్లు అడిగితే బోర్డు చాలదంది. ఆగస్టులో 11.40 పౌండ్ల దగ్గర, మొత్తం 540 కోట్ల పౌండ్లకు, ఒప్పందం కుదిరింది. 2007లో 1.60 పౌండ్లకు కొన్న వాటాదారుకు అది పండగ. 2019లో 24 పౌండ్ల దగ్గర కొన్నవాడికి నష్టం మీద వేసిన ముద్ర, ఇక కోలుకునే అవకాశం లేదని చెప్పిన మాట. హార్‌గ్రీవ్స్ తన వాటాలో కొంత కొత్త యజమానుల లిస్టు కాని కంపెనీలోకే మార్చుకున్నాడు. వ్యవస్థాపకుడు ఉండిపోతున్నాడంటే ధర తక్కువేమో అన్న అనుమానం చిన్నవాడికి కలగడం సహజం. ఆ దారి కాగితం మీద అందరికీ తెరిచే ఉంది, కానీ అమ్ముకునే బజారు లేని వాటాను పింఛను డబ్బుతో పట్టుకుని ఎంతమంది కూర్చోగలరు? అక్టోబరు ఓటింగ్‌లో స్కీమ్ నెగ్గింది, 2025 మార్చిలో పూర్తయింది.

పెట్టెలో కాగితాలు

ఐదో దారి పట్టినవాళ్ల సంగతి మిగిలింది. కాగితం సర్టిఫికెట్లున్న తరం చనిపోయాక పిల్లలకు పెట్టెలో దొరికేవి ఇవే: కంపెనీ పేరు మారిపోయిన వాటా పత్రం, రాబట్టుకోని డివిడెండ్ వారంట్లు. ఏడేళ్లు వరుసగా డివిడెండ్ తీసుకోకపోతే వాటా పెట్టుబడిదారుల విద్య, రక్షణ నిధికి బదిలీ అవుతుంది. వారసులు దరఖాస్తు పెట్టి తిరిగి తెచ్చుకోవచ్చు. వారసత్వ పత్రం, సంతకం ధ్రువీకరణ, కేవైసీ అంటూ తిరిగే తిరుగుడు మాత్రం తక్కువేం కాదు. సారపాక మిల్లు వాటా పత్రం దొరికిన ఇంట్లో దాన్ని ముందు 16తో భాగించాలని, తర్వాత 45తో గుణించాలని చెప్పేవాళ్లు దొరకడం కూడా కష్టమే.

సింగరేణి దగ్గర ఆపిన లెక్క ఇది. కంపెనీ చెల్లించిన మూలధనం సుమారు 1,733 కోట్ల రూపాయలు. అందులో తెలంగాణ ప్రభుత్వానిది 51.096 శాతం, కేంద్రానిది 48.902 శాతం. మిగిలిన 0.002 శాతం, లక్షకు రెండు వాటాల చొప్పున, ప్రైవేటు వ్యక్తుల పేరిట ఉంది. లండన్ నుంచి మద్రాసుకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు బొగ్గు చేతులు మారిన దారిలో అమ్మకుండా ఉండిపోయిన వాటాలు ఆ చిట్టాలో ఇంకా నడుస్తున్నాయి.